పెరటి మడి, గాజు ఇల్లు

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మనవాళ్ల సామెత. దగ్గర ఉన్న వస్తువు విలువ మనకు కనపడదని దాని భావం. మందు సంగతి వైద్యులు చెప్పాలి గాని, పెరటి చెట్టు కూరకు మాత్రం భేషుగ్గా పనికివస్తుందని చెప్పడం నా ఉద్యోగ ధర్మం. అయితే ఈమధ్య ఏ ఊరు వెళ్లినా, ఏ వీధిలో నిలబడినా ఒకే ప్రశ్న ఎదురవుతున్నది. "ఏమండీ, ఇంటి దగ్గర ఏడాది పొడుగునా కూరలు పండాలంటే ప్లాస్టిక్ ఇల్లు కట్టించాలటగదా? అది లేకపోతే వీలుకాదా?"

అవునని గాని కాదని గాని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కాని మూలం తెలియని సలహా ముంతలో నీళ్లవంటిది, ఇంటికి చేరేలోపల ఒలికిపోతుంది. అందుచేత చదువరులారా, పెరటి మడి కథ, గాజు ఇంటి కథ రెండూ మీ ముందు పెడతాను. రెండూ విన్న తరువాత తీర్పు మీరే చెప్పవచ్చు.

మనిషి కూరగాయలు పండించడంలో రెండు దారులు తొక్కినాడు. కాలానికి తగిన మొక్కను ఎంచుకోవడం ఒక దారి. మొక్కకు తగిన కాలాన్ని నాలుగు గోడల మధ్య కట్టి ఇవ్వడం రెండవ దారి. మొదటిది మనది. రెండవది చలి దేశాలవారిది. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. ఎవరి ఎండ వారిది, ఎవరి మంచు వారిది.

మన దారి చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఏ నేల ఏ పంటకు తగునో చెప్పినచోట, ఏటి నురుగు తగిలే ఒడ్డు తీగ కాయలకు మంచిదని ఉన్నది. పెన్నలోనూ, కృష్ణలోనూ వేసవిలో నీరు తీసిన ఇసుక మేటల మీద దోస, పుచ్చ, కర్బూజ పాదులు చూసినవారికి ఆ మాట కొత్తగా తోచదు. వాత్స్యాయనుడు ఇల్లాలి పనులు చెబుతూ, ఇంటి తోటలో ముల్లంగి, దోస, వంగ, గుమ్మడి, సొర, కంద వంటివి వేయాలని, వాటి విత్తనాలు తీసి దాచి కాలానికి విత్తాలని రాసినాడు. గమనించండి. విత్తనం దాచడం, కాలానికి విత్తడం, ఈ రెండు మాటలలోనే పెరటి తోట శాస్త్రమంతా ఇమిడి ఉన్నది.

కాలమంటే మన రైతుకు కార్తె. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. ఏడాదికి 27 కార్తెలు. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో తొలకరి పలకరిస్తుందని, ఆరుద్ర వాన అదను వాన అని నోటికి వచ్చిన పంచాంగం అది. బడికి పోని అవ్వ కూడా ఏ కార్తెలో ఏ గింజ వేయాలో తడుముకోకుండా చెప్పేది. ఈ పరిజ్ఞానం కనిపెట్టినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు. వారిలో ఎక్కువమంది ఆడవారే. గుమ్మడి గింజలను పేడలో అద్ది గోడకు కొట్టి ఆరబెట్టినదీ, ముదిరిన బీరకాయను చూరుకు వేలాడగట్టినదీ, చిక్కుడు గింజకు బూడిద కలిపి కుండలో పోసినదీ వారే. జాలాది నీళ్లు వృథాగా పోకుండా అక్కడ అరటి పిలక, చేమ దుంప పెట్టినదీ వారే.

వారి కార్తె లెక్క వెనుక ఎంత శాస్త్రమున్నదో చిక్కుడు ఒక్కటి చాలు చెప్పడానికి. పాత రకాల పాదు చిక్కుడును ఆషాఢంలో పెట్టినా శ్రావణంలో పెట్టినా, పొద్దు కురచ అయ్యేదాకా పూత రాదు. పగటి నిడివిని బట్టి పూసే గుణం ఆ మొక్కకు పుట్టుకతో వచ్చినది. అందుకే చలికాలంలో పందిరి నిండా కాస్తుంది. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టే ఆచారమున్నది గదా. మాఘమాసంలో ఏ పెరట్లో చూసినా చిక్కుడే ఉండేదన్న సంగతి ఆ ఆచారంలో దాగి ఉన్నది.

ఇక మన కూరలన్నీ మనవేనా అంటే, కావు. వంకాయ, దోసకాయ ఈ దేశంలో పుట్టినవే. గోంగూర ఆఫ్రికా నుంచి వచ్చి మన ఇంటి ఆడబిడ్డ అయినది. మిరప, టమాటా, బంగాళాదుంప, చిలగడదుంప అమెరికా ఖండపు మొక్కలు. 1498లో వాస్కో డ గామా కాలికట్టులో దిగిన తరువాత, పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో మిరప మన తీరానికి వచ్చినది. అంతకుముందు మన వంటలో కారమంటే మిరియమే. మిరప అన్న పేరే మిరియానికి చుట్టరికం చెబుతున్నది. ఇవాళ గుంటూరు మిర్చి లేని తెలుగు వంటను ఊహించగలమా? టమాటాను కొన్ని జిల్లాలలో రామములగ అని పిలుచుకుని మనలో కలుపుకున్నాము. బెంగుళూరు వంకాయ అని మనం పిలిచేది నిజానికి మెక్సికో తీగ.

ఈ వలస కూరలలో కాలీఫ్లవరు కథ తప్పక వినదగినది. 1822లో లండను క్యూ తోటనుంచి దాని విత్తనం సహారన్‌పూరు ప్రభుత్వ తోటకు వచ్చినదని మన ఉద్యాన గ్రంథాలు చెబుతున్నవి. అది చలి దేశపు మొక్క. మన వేడికి పువ్వు కట్టదు. అప్పుడు మన రైతులు ఏం చేసినారు? దానికి చల్లని ఇల్లు కట్టలేదు. వేడికి తట్టుకుని పువ్వు కట్టిన మొక్కలనే విత్తనానికి ఉంచుకుంటూ, తరం తరువాత తరం ఎంచుతూ పోయినారు. సుమారు వంద సంవత్సరాలలో వేడికీ వానకూ ఓర్చుకునే భారతీయ కాలీఫ్లవరు అనే కొత్త తెగే తయారయినది. మన దారి అంటే ఇదీ. ఇల్లు మార్చలేదు, మొక్కను మచ్చిక చేసుకున్నారు.

ఇప్పుడు గాజు ఇంటి కథకు వస్తాను.

క్రీస్తు శకం 14 నుంచి 37 వరకు రోము నేలిన టైబీరియస్ చక్రవర్తికి దోసజాతి కాయ అంటే మహా ఇష్టమట. ఏడాది పొడుగునా కాయ లేనిదే ముద్ద దిగేది కాదట. అందుకు తోటమాలులు చక్రాల మీద మడులు కట్టి ఎండలోకి తోసేవారు. చలికాలం వస్తే పారదర్శకమైన రాతి పలకలు బిగించిన చట్రాల కిందికి లాగేవారు. ప్లినీ అనే రోమను పండితుడు ఈ సంగతి రాసిపెట్టినాడు. గాజు ఇంటికి ముత్తాత ఇదే. పుట్టినది రాజుగారి నోటి రుచి కోసం అని గుర్తుంచుకోండి.

కొరియా దేశంలో 1450ల నాటికి ఇంకొక ఉపాయం చేసినారు. రాజవైద్యుడు ఒకాయన రాసిన వంట, సేద్యాల గ్రంథంలో అది వివరంగా ఉన్నది. మట్టి గోడలు కట్టి, నేల కింద పొగ గొట్టాలు పరచి, నూనె పట్టించిన కాగితాన్ని కిటికీలకు అంటించి, చలికాలంలో ఆకుకూరలు పండించినారు. గాజు లేదు, ఇనుము లేదు. మట్టి, కట్టె, కాగితం, అంతే. ఉన్న వస్తువుతో పని జరుపుకోవడం అంటే అదీ.

యూరపులో మొదట ధనికులు నారింజ చెట్లను చలినుంచి కాపాడడానికి పెద్ద కిటికీల మందిరాలు కట్టినారు. గాజు అంటే అప్పట్లో బంగారమే. ఇంగ్లండులో గాజు మీద పన్ను కూడా ఉండేది. 1845లో ఆ పన్ను తీసివేసినారు. ఆ తరువాతనే గాజు ఇల్లు సామాన్యుడికి కొంచెం అందుబాటులోకి వచ్చినది. జోసెఫ్ పాక్స్టన్ అనే తోటమాలి, పెద్ద తామర మొక్కకోసం గాజు ఇల్లు కట్టి 1849లో దానికి పువ్వు పూయించినాడు. ఆ అనుభవంతోనే 1851లో లండనులో స్ఫటిక మందిరం అనే ప్రఖ్యాత ప్రదర్శనశాల కట్టినాడు.

ఈ మధ్యలో ఒక చిన్న సీసా ప్రపంచపు పంటల పటాన్నే మార్చివేసినది. 1829లో లండను వైద్యుడు నథానియల్ వార్డు, మూత బిగించిన సీసాలో ఒక సీతాకోక గూడు ఉంచినాడు. కొన్నాళ్లకు ఆ సీసాలోని తడి మట్టిలో ఒక ఫెర్ను మొక్క దానంతట అది మొలిచినది. లోపలి తేమ లోపలే తిరుగుతున్నది గనుక నీరు పోయనక్కరలేదు. ఈ సూత్రంతో గాజు పెట్టెలు చేయించి 1833లో మొక్కలను సిడ్నీకి పంపితే ప్రాణాలతో చేరినవి. తరువాత రాబర్టు ఫార్చ్యూను చైనా తేయాకు మొక్కలను వేలాదిగా హిమాలయ ప్రాంతానికి తెచ్చినది ఆ పెట్టెలలోనే. 1860లలో మలేరియా మందు చెట్టు సింకోనా నీలగిరులకు, 1876లో రబ్బరు మొక్కలు సింహళానికి చేరినది ఆ పెట్టెలలోనే. ఇందులో మేలూ ఉన్నది, కీడూ ఉన్నది. ఒక దేశపు సంపద ఆ దేశాన్ని అడగకుండానే మరొక ప్రభుత్వం తోటలలోకి పోయినది.

మనకు దగ్గరలోని గాజు ఇల్లు బెంగుళూరు లాల్‌బాగులో ఉన్నది. 1760లో హైదరాలీ మొదలుపెట్టిన తోట అది. అందులో 1889లో గాజు మందిరానికి పునాది వేసినారు. జనవరి, ఆగస్టు నెలలలో అక్కడ జరిగే పూల ప్రదర్శనలు చూడడానికి మన అనంతపురం, చిత్తూరు జిల్లాలవారు కూడా పోతుంటారు. అయితే బెంగుళూరు సముద్ర మట్టానికి 3,000 అడుగుల ఎత్తున ఉన్న చల్లని ఊరు. దానిని చూసి విజయవాడలో గాజు ఇల్లు కట్టుకుంటే అది తోట కాదు, ఆవం అవుతుంది.

గాజు స్థానంలోకి ప్లాస్టిక్ తెచ్చినవాడు అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎమ్మెర్టు. గాజుకు డబ్బు చాలక, 1948లో కర్ర చట్రం మీద పల్చని పొర కప్పి చూసినాడు. అది పనిచేసినది. అక్కడినుంచి పాలిథీను ఇళ్లు ప్రపంచమంతా పాకినవి. మన దేశంలో వాటి అసలు అవసరం కనపడేది లడఖులో. శీతకాలంలో లేహ్ ప్రాంతంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు కిందికి కూడా పోతుంది. అక్కడ నేలలో గొయ్యి తవ్వి, పైన ప్లాస్టిక్ కప్పి, సైనికులూ రైతులూ ఆకుకూర పండించుకుంటున్నారు. అక్కడ అది విలాసం కాదు, ప్రాణాధారం. మన తెలంగాణలో 2014 తరువాత ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వడంతో హైదరాబాదు చుట్టుపక్కల పాలీహౌసులు వెలసినవి. వాటిలో క్యాప్సికం, జెర్బెరా పూలవంటివి పట్నం బజారు కోసం పండిస్తున్నారు. అది వ్యాపారం. దాని పెట్టుబడి వేరు, లెక్క వేరు. పెరటి తోటకు ఆ కొలత పనికిరాదు.

ఇంతకూ ఆ ఇల్లు లోపల ఎందుకు వేడెక్కుతుంది? ఎండ లోపలికి వచ్చి నేలను కాలుస్తుంది. నేల గాలిని కాలుస్తుంది. కాగిన గాలి పైకి లేచి పోదామంటే దారి లేదు. 1909లో అమెరికా శాస్త్రజ్ఞుడు వుడ్, గాజు పలకతో ఒక పెట్టె, ఉప్పురాతి పలకతో ఒక పెట్టె చేసి ఎండలో పెట్టి, గాలి బందీ కావడమే ఈ వేడికి ముఖ్య కారణమని చూపినాడు. మన వేసవిలో బయటనే 42, 43 డిగ్రీలు ఉంటే, మూసిన ఇంటిలో ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది. అంటే ఏ టమాటా కోసం ఇల్లు కట్టించినామో ఆ టమాటాయే అందులో కాయదు.

మరి మనకు రక్షణ సేద్యం అసలు లేదా? ఎందుకు లేదు! గుంటూరు జిల్లాలో తమలపాకు తోటలోకి ఒకసారి అడుగుపెట్టి చూడండి. అవిసె చెట్లు వరుసలుగా పెంచి, వాటి మీదికి తమలపాకు తీగ పాకిస్తారు. పైన నీడ, చుట్టూ దడి, కింద కాలువ నీరు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. చలి దేశపువాడు వేడిని బంధించడానికి ఇల్లు కట్టినాడు. మనవాడు వేడిని ఆపడానికి నీడ కట్టినాడు. మన హరిత గృహం ఆకుతోట. మన గాజు కప్పు తాటాకు పందిరి. పైగా అవిసె ఆకు కూరకూ వస్తుంది, పశువుల మేతకూ వస్తుంది.

ఈ కథలో మూడవ భాగం ఒకటున్నది. అదే నాకు ముఖ్యం. కష్టం వచ్చినప్పుడల్లా దేశాలు పెరటి వైపు చూసినవి. 1939లో యుద్ధం రాగానే ఇంగ్లండులో ప్రభుత్వమే పూల తోటలు తవ్వి కూరలు వేయండని ప్రచారం చేసినది. 1942లో బర్మా బియ్యం ఆగిపోయినవి. 1943లో వంగ దేశంలో లక్షల మంది కరువుకు బలి అయినారు. ఆ రోజులలోనే మన దేశంలో అధికాహారోత్పత్తి ఉద్యమం మొదలయినది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం, ఆ మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ వచ్చి, గ్రామసేవకుల చేత పెరటి తోటల ప్రచారం చేయించినవి. 1960లలో పోషకాహార కార్యక్రమం కింద బడి తోటలు కూడా వేయించినారు.

అయినా పల్లెలలో పిల్లలకు రేచీకటి తగ్గలేదు. పొద్దుగూకితే గడప కనపడని పిల్లలు, కంటిపాప మెత్తబడి శాశ్వతంగా చూపు పోగొట్టుకున్న పిల్లలు ఎందరో. కారణం ఏ విటమిను లోపం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో ప్రభుత్వం పసిపిల్లలకు ఆరు నెలలకొకసారి ఏ విటమిను మందు పోయించడం మొదలుపెట్టినది. దానివల్ల ఎన్నో కళ్లు నిలిచినవి. మందు మంచిదే. కాని ఆ పిల్లవాడి ఇంటి దడి పక్కనే మునగచెట్టు ఉండవచ్చు. ఆ ఆకు పప్పులో పడకపోవడమే విచారం. తోటకూర, మునగాకు, పొన్నగంటి, అవిసాకు, వీటిలో ఏదైనా ఒకటి కాస్త నూనె తిరగమోతతో వారంలో నాలుగుసార్లు విస్తట్లో పడితే కంటికి కావలసినదానిలో మంచి భాగం పెరటినుంచే వస్తుంది. నూనె ఎందుకంటే, ఆ సారం నూనెతోనే ఒంటికి పడుతుంది. అదే సంస్థ 2024లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు కావాలి. నలుగురున్న ఇంట్లో అన్నీ కొని తినాలంటే ఎంత ఖర్చో ఇల్లాలికి తెలుసు. ఖర్చు పెరిగినప్పుడు మొదట తగ్గేది ఆమె విస్తట్లో కూరే.

ఇప్పుడు తీర్పు. ఒక సెంటు జాగా, ఆరు గంటల ఎండ, ఇంటి వాడుక నీరు ఉంటే కప్పు లేకుండానే ఏడాది పొడుగునా ఏదో ఒక కూర పండుతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెలలో బెండ, గోరుచిక్కుడు, వంగ వేసి, పందిరికి సొర, బీర, కాకర, చిక్కుడు పెట్టండి. ఉత్తర కార్తెనుంచి చిత్త దాకా టమాటా నారు, కాలీఫ్లవరు, క్యాబేజీ, ముల్లంగి, మెంతి, కొత్తిమీర వేయండి. సంక్రాంతి వెళ్లిన తరువాత దోస, సొర, బెండ, తోటకూర, గోంగూర, బచ్చలి. ప్రతి మడిలో పంట తీసిన వెంటనే చివికిన పశువుల ఎరువు వేసి రెండవ పంట పెట్టండి. వంగ పెట్టిన మడిలో మళ్లీ వంగ గాని, దాని చుట్టాలయిన టమాటా, మిరప గాని పెట్టవద్దు.

కప్పు కావలసినవి రెండే సందర్భాలు. ఒకటి, ఏప్రిలు, మే నెలలలో ఆకుకూరలకు. సగం ఎండ ఆపే నీడ వల ఏడడుగుల ఎత్తున కట్టి, పక్కలు గాలికి వదలండి. వల లేకపోతే తాటాకులు చాలు. రెండవది, నారుమడికి. తెల్లదోమ టమాటా నారును పసితనంలోనే పట్టి ఆకుముడత తెగులు అంటిస్తుంది. తెల్లదోమ దూరని సన్నకన్ను వలను నారుమడి మీద గూడులాగ కట్టి 25 రోజులు కాపాడితే సగం యుద్ధం గెలిచినట్లే. మామూలు దోమతెర కన్ను ఇందుకు కొంచెం పెద్దది, అంగడిలో అడిగి సన్నదే తీసుకోండి.

పట్నంలో డాబా మీద ప్లాస్టిక్ ఇల్లు కట్టాలనుకునేవారు మూడు లెక్కలు వేసుకోండి. తడి మట్టి ఘనపు అడుగుకు 45, 50 కిలోలు తూగుతుంది, డాబా మోయగలదా? ప్లాస్టిక్ పొర మూడు నుంచి ఐదేళ్లలో మార్చవలసి వస్తుంది, ఆ ఖర్చు ఎవరిది? వేసవిలో లోపలి వేడికి నీరు ఎక్కువ కావాలి, ఆ బిందెలు ఎవరు మోస్తారు? మూడవ ప్రశ్నకు జవాబు ప్రతి ఇంట్లోనూ ఒక్కటే గనుక, ఆమెను అడిగిన తరువాతనే మేకు కొట్టండి.

మొక్కను ఎంచుకునే దారిలో కూడా పని ఎప్పటికీ పూర్తి కాదు. బెండకు పల్లాకు తెగులు వస్తే ఢిల్లీ పరిశోధకులు పూసా సవానీ రకం ఇచ్చినారు. కొన్నేళ్లకు దాని తట్టుకునే శక్తి తగ్గినది. తరువాత బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అనామిక ఇచ్చినది. తెగులు మారుతుంది, రకం మారాలి. కనుక కొత్త విత్తనం తెచ్చుకోండి, పాతదాన్నీ పోగొట్టుకోవద్దు. మీ ఊళ్లో ఏ అవ్వ దగ్గరయినా పాదు చిక్కుడు గింజలు ఉంటే నాలుగు అడిగి తెచ్చి బూడిద కలిపి దాచండి. రాబోయే ఆరుద్రకు ఆ నాలుగు గింజలూ నేలలో పడితే, మాఘమాసానికి మీ పందిరికి కాయ, ఇరుగుపొరుగుకు విత్తనం, పిల్లలకు కూర. సెలవు.